ఇంటిపేరు కలవని అన్నదమ్ములు

నేను ఉద్యోగం చేసి రిటైరైన సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. చేసిన ఉద్యోగం ఏమిటో మాత్రం సగం మందికి ఇప్పటికీ తెలియదు. బాపట్లలో మా చర్చికి వచ్చే ఆడవాళ్ళు, "కరుణమ్మ గారు తెనాల్లో కంప్యూటర్ ఆఫీసులో చేశారంట" అని ఒక్క మాటతో సరిపెడతారు. అసలు విషయం చెబితే మొహమొహాలు చూసుకుంటారు. అమెరికాలో ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. జీతాలు తీసుకుని ఆడే పెద్ద జట్టు. దాని అభిమానులు పాత ఆటల గురించి, పాత ఆటగాళ్ళ గురించి కంప్యూటర్లో ప్రశ్నలు పంపిస్తే, తెనాలిలో ఒక మేడమీద గదిలో కూర్చుని జవాబులు రాయడం నా పని. ఆ జట్టు పెట్టే క్విజ్ పోటీలకు ప్రశ్నలు తయారుచేసి ఇవ్వడం కూడా మా పనే. ఆ ఆటని నేను మైదానంలో ఒక్కసారి కూడా చూడలేదు.

ఇప్పుడు ఇలాంటి పనిలో చేరే పిల్లలు యంత్రం ఇచ్చిన జవాబు తప్పా ఒప్పా అని చూస్తున్నారు. పేర్లు మారాయి గానీ పని అదే. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఏంటి ఆంటీ, మీరెట్టా చేసేవాళ్ళు?" అని అడిగారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, కుర్చీ ఎప్పుడు మారింది అన్న సొద ఇందులో ఉండదు. జట్టు పేరు చెప్పను. మనుషుల పేర్లు మార్చాను. ఉద్యోగం మానేసినా, చేరేటప్పుడు ఇచ్చిన మాట మానలేదు.

ఒక సంగతి మాత్రం ముందే చెబుతాను. ఇందులో ఎక్కువ భాగం ఒక తల్లి గురించి. ఆవిడ ఇద్దరు కొడుకులూ ఆ జట్టుకి ఆడారు. వాళ్ళు అన్నదమ్ములు కాదన్నట్టు మా ఆఫీసు ఏళ్ళ తరబడి లోకానికి చెప్పింది. ఆవిడ కళ్ళు మూసేలోగా ఆ మాట సరిచేయగలమా లేదా అన్నదే నా ఉద్యోగం మొత్తంలో నన్ను నిజంగా కుదిపేసిన విషయం.

బంతి గుండ్రంగా ఉండదు

మా పుట్టిల్లు రేపల్లె. నాన్న మిషను స్కూల్లో టీచరు. ఆయన పుణ్యమా అని ఇంగ్లీషు గట్టిగా వచ్చింది. తెనాలి ఆఫీసుకి ముందు వేరే పనికే వచ్చాను. డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే పని అన్నారు. నేను చేరేసరికి ఆ పని పోయి ఈ పని వచ్చింది. బల్లమీద బంతి బొమ్మ ఒకటి పెట్టి ఉంది. రెండు కొసలూ కోసుగా ఉన్నాయి.

"ఇదేంటండీ, బంతి గుండ్రంగా లేదు?" అన్నాను.

"ఉండదమ్మాయ్. ముందు కూర్చో" అన్నారు పూర్ణచంద్రరావు గారు.

ఆయనే మా ఆఫీసు పెద్ద. తెనాలిలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి మానేసి ఈ ఆఫీసు పెట్టారు. ఇస్త్రీ చెడని చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముక్కు మీద కోపం. ఆట నేర్పడానికి ఆయన తీసుకున్న సమయం ఒక టీ తాగేంత.

"చెడుగుడు చూశావుగా? గీత దాటి ఎంత లోపలికెళ్ళావన్నదే లెక్క. ఇదీ అంతే. బంతి పట్టుకుని పది గజాలు ముందుకెళ్ళాలి. నాలుగు సార్లు ప్రయత్నించొచ్చు. వెళ్ళావా, ఇంకో నాలుగు ఇస్తారు. వెళ్ళలేదా, బంతి అవతలాళ్ళకి. మిగతాదంతా కొట్టుకోవడమే."

"మరి ఫుట్‌బాల్ అన్నారు. కాలితో తన్నరా అండీ?"

"ఎప్పుడన్నా తంతారు. పేరు సంగతి మాత్రం నన్నడక్కు. నాకూ తెలీదు."

అలా "నాకు తెలీదు" అని మొదటి రోజే అనగలిగిన పెద్దాయన దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. మనం చూడలేదు కాబట్టి చూసినట్టు రాయకూడదు. "అద్భుతంగా పరిగెత్తాడు" అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. "నువ్వు చూశావా? లేదుగా. ఎన్ని గజాలో రాయి, చాలు" అనేవారు. ఈ రోజు యంత్రాలు రాసే జవాబులు చదువుతుంటే ఆ ఎర్ర పెన్ను ఎంత అవసరమో తెలుస్తోంది. అన్నీ చూసొచ్చినట్టే రాస్తాయి.

అడిగేవాళ్ళ సంగతి

మాది పొద్దుటి షిఫ్టు. మనకి తెల్లవారితే వాళ్ళకి సాయంత్రం. అంటే అక్కడ జనం పని ముగించుకుని, బీరు పట్టుకుని కూర్చుని, పందేలు కాసే వేళ. మాకొచ్చే ప్రశ్నల్లో సగం ఆ పందేలవే. మంచులో ఆడిన ఫలానా ఆటలో చివరి పాయింట్లు ఎవరు తెచ్చారు, జట్టు మొదట్లో గోధుమరంగు చొక్కాలు ఎందుకు వేసుకునేది, ఒకసారి బంతి నదిలో పడిపోయి ఆట ఆగిందట నిజమేనా, ఇలాంటివి. బంతి నదిలో పడింది నిజమే. ఊళ్ళో ఇంకో బంతి లేక ఆ ఆట మర్నాటికి వాయిదా పడింది. గోధుమరంగు సంగతికొస్తే, జట్టు పెట్టినాయనకి ఇటుక బట్టీ ఉండేది. బట్టీలో దుమ్ము పడినా కనపడదని ఆ రంగు బట్ట పనివాళ్ళ కోసం చవగ్గా కొన్నాడు. ఆ పనివాళ్ళే మొదటి ఆటగాళ్ళు. నా పక్క సీటు నాగమణి చీరాల నేతవాళ్ళమ్మాయి. ఆ చొక్కాల పాత ఫొటో చూసి, "రెండు ఉతుకులకి వెలిసిపోయుంటదక్కా ఈ గుడ్డ" అని తేల్చేసింది. అది జవాబులో రాయలేదు గానీ ఆ రోజంతా నవ్వుకున్నాం.

నాకు అర్థమైందేమిటంటే, అడిగేవాడికి చాలాసార్లు విషయం అక్కర్లేదు. తను చెప్పిందే ఒప్పని మనచేత అనిపించుకోవాలి. కాదంటే తిడతాడు. తాగి ఉంటే మరీ తిడతాడు. మొదట్లో కళ్ళలో నీళ్ళు తిరిగేవి. తర్వాత తర్వాత నాకూ నోరు లేచింది. మర్యాద తప్పకుండా గట్టిగా చెప్పడం ఎలాగో ఈ ఉద్యోగమే నేర్పింది. మా ఆయన మాత్రం అది నాకు పెళ్ళినాటికే వచ్చంటాడు.

పూర్ణచంద్రరావు గారి నిజాయితీ చూసిన సందర్భం ఒకటి చెప్పాలి. ఒక ఏడాది అక్కడి ఆటగాళ్ళంతా సమ్మె చేశారు. యజమానులు బయటి నుంచి ఎవరెవరినో పిలిపించి కొన్ని ఆటలు ఆడించారు. గోడౌన్లో మూటలు మోసేవాడు, స్కూల్లో పి.ఇ.టి మాస్టారు, అలాంటివాళ్ళు. అభిమానులకి వాళ్ళంటే మంట. వాళ్ళ పేర్లు జట్టు చరిత్రలో ఉండకూడదని మాకు గుట్టలుగా రాసేవారు. మా సార్ ఒప్పుకోలేదు. "సమ్మె చేసినవాళ్ళదే న్యాయం, నేనూ సమ్మెలు చేసినవాణ్ణే. కానీ ఆ రోజు చొక్కా వేసుకుని ఆడినవాడు ఆడాడు. ఆడలేదని నేను రాయను" అన్నారు. అంత ముక్కుసూటి మనిషి, మొదట్లో నేను చెప్పిన ఆ తల్లి హేజెల్ కొడుకుల విషయంలో అంత మొండికేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు.

హేజెల్ కొడుకులు

ఏటా ఒక రోజు పాత ఆటగాళ్ళని కుటుంబాలతో సహా మైదానానికి పిలిచి గౌరవిస్తారు. ఆట మధ్య విరామంలో పెద్ద తెర మీద ఒక క్విజ్ ప్రశ్న వేస్తారు. ప్రతి ఏడూ అదే ప్రశ్న. "ఒకే ఆటలో మన జట్టు తరఫున కలిసి ఆడిన ఒకే ఒక్క అన్నదమ్ముల జంట ఎవరు?" మైదానం నిండా ఉన్న జనం ఆ రెండు పేర్లూ గొంతు చించుకుని అరుస్తారు. తెర మీద అవే పేర్లు పడతాయి. మన తిరనాళ్ళలో ప్రభ కట్టినట్టు అదొక ఆనవాయితీ వాళ్ళకి. ఆ జవాబు మా ఆఫీసు ఇచ్చిందే. ఆఫీసు తెరిచిన కొత్తల్లో, నేను చేరకముందు, సార్ స్వయంగా రాసి పంపించారు.

ఒక రోజు పొద్దున్నే క్లైడ్ అనే ఆయన దగ్గర్నుంచి సందేశం వచ్చింది. ఆయనా ఆ జట్టుకి ఆడినవాడే. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. ఆయన రాసింది నా మాటల్లో చెబుతాను. "మీ జవాబు తప్పు. మీరు వేసే ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. అన్నదమ్ములు కాదు. నేనూ మా అన్న లియానూ ఒక తల్లి బిడ్డలం. ఒకే ఆటలో కలిసి ఆడాం. మా నాన్నలు వేరు కాబట్టి మా ఇంటిపేర్లు వేరు. ఇదివరకు రెండుసార్లు రాశాం, ఎవరూ పలకలేదు. మా అన్న పోయాడు. మా అమ్మ హేజెల్‌కి తొంభై దాటాయి. ఈ ఏడాది నన్ను మైదానానికి పిలిచారు. అమ్మని రమ్మంటే, నా కొడుకులు అన్నదమ్ములు కాదని అంతమంది అరిచే చోటికి నేను రాను అంటోంది."

నేను పాత ఆటల రికార్డు తీశాను. లియాన్ ముందు వరసలో అడ్డం నిలబడే భారీ మనిషి. క్లైడ్ సన్నగా ఉంటాడు. ఇద్దరూ ఒకే ఆటలో దిగిన మాట నిజం. మేము అన్నదమ్ములని వేస్తున్న ఇద్దరి వివరాలు కూడా చూశాను. తండ్రుల పేర్లు వేరు. సార్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, మనం వేసే ఇద్దరికీ తండ్రులు వేరండి. ఆ తండ్రులిద్దరూ అన్నదమ్ములు."

"తెలుసు. నేనే రాశాగా."

"మరి వీళ్ళు అన్నదమ్ములెట్టా అయ్యారండీ?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "పెదనాన్న కొడుకు అన్న కాకపోతే ఏమవుతాడమ్మాయ్? బావవుతాడా?"

వెనకాల నాగమణి కిసుక్కుమంది. నాకూ నవ్వొచ్చింది, ఎందుకంటే ఆయన అన్నదాంట్లో మన లెక్కన తప్పేం లేదు. మా పెదనాన్న కొడుకుని నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అన్నయ్యా అనే పిలుస్తున్నాను. కజిన్ అని ఉంటే మా అమ్మ చీపురు తీసేది. ఇన్నేళ్ళూ ఆ జవాబు నా కళ్ళముందు నుంచే వెళ్ళినా అనుమానం రాకపోవడానికి కారణం అదే. ఒకటే ఇంటిపేరు, ఒకటే ఊరు, తండ్రులు అన్నదమ్ములు. మన ఇళ్ళల్లో అయితే ఇంక అడిగేదేముంది?

"సార్, అది మనకి. వాళ్ళు చిన్నాన్న కొడుకునీ మేనమామ కొడుకునీ ఒకే గాట కట్టేస్తారు. అన్నదమ్ములంటే ఒక ఇంట్లో పుట్టినవాళ్ళే. క్లైడ్ గారు రాసింది చూడండి."

"చూశాను. ఇంటిపేరు వేరు, రికార్డులో రాసిన ఊరు కూడా వేరు. వీళ్ళు అన్నదమ్ములంటావా? రోజూ వస్తారు ఇట్టాంటోళ్ళు, మా తాత ఆడాడు, మా మామ ఆడాడు అని. వాళ్ళందరికీ తలూపుదామా?"

"తల్లి ఒకతే అంటున్నాడు సార్!"

"అంటాడు" అని ఆయన కాగితాల్లో తల దూర్చేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటిపేరు కలిస్తే చాలు, కడుపు కలవక్కర్లేదన్నమాట. ఆ రోజు టిఫిన్ కూడా సయించలేదు. నాగమణి తెచ్చిన పులిహోర డబ్బా అలాగే మూసేశాను. పై అధికారితో గొడవ పెట్టుకోమని నేను పిల్లలకి చెప్పను. కానీ ఆయన తప్పు అని నాకు తెలిసిపోయాక, నోరు మూసుకుని జీతం తీసుకోవడం నా వల్ల కాలేదు.

మా తప్పే మాకు సాక్ష్యం

అమెరికాలో మా పని చూసే అధికారి పేరు మార్త. మన చర్చిల్లో మార్తమ్మల్లాగే పనిలో చాలా గట్టి మనిషి. సార్‌కి చెప్పే, నేను ఆవిడకి రాశాను. ఆవిడ మర్యాదగా జవాబిచ్చింది. క్విజ్ జవాబు మార్చాలంటే బయట అచ్చులో వచ్చిన సాక్ష్యం ఉండాలి. ఇక్కడ చూస్తే మూడు పుస్తకాలు మీ పాత జవాబే ఒప్పంటున్నాయి. క్లైడ్ చెప్పింది ఒప్పనే పుస్తకం ఒక్కటీ లేదు. కాబట్టి మార్చలేం అంది.

ఆవిడ ఆ మూడు పుస్తకాల పేజీలూ పంపింది. సార్ వాటిని నా బల్లమీద పెట్టి, "చూసుకో" అన్నారు. అందులో కాస్త ఎత్తిపొడుపు కూడా ఉంది. చదివాను. మూడింట్లోనూ అదే మాట. ఇంక చేసేదేం లేదనిపించింది. పుస్తకం రాసినవాళ్ళ ముందు తెనాలి కరుణమ్మ ఎంత?

మర్నాడు మళ్ళీ చదువుతుంటే ఒక చిన్న విషయం దగ్గర కన్ను ఆగింది. మేము అన్నదమ్ములని వేస్తున్న ఇద్దర్లో పెద్దవాడికి, వాళ్ళు కలిసి ఆడిన ఆట నాటికి ఇరవై నాలుగేళ్ళని మూడు పుస్తకాల్లోనూ ఉంది. పుట్టినరోజుతో లెక్కేస్తే ఇరవై మూడే. మిగతా ఆటగాళ్ళ వయసులు ఆ పుస్తకాల్లో సరిగ్గానే ఉన్నాయి. ఇతనిదే ఒకటి ఎక్కువ. ముగ్గురు రచయితలూ ఒకే మనిషి దగ్గర ఒకే తప్పు ఎలా చేశారు? మా పాత జవాబు తీసి చూశాను. సార్ రాసిన దాంట్లోనూ ఇరవై నాలుగే.

లేచి ఆయన గదికి వెళ్ళాను. "సార్, ఏమనుకోకండి. మీ వయసెంతండీ?"

"ఎందుకూ? అరవై ఎనిమిది."

"నిండాయా?"

"నిండటమేంటి, నడుస్తోంది."

"ఇతనికి కూడా ఇరవై నాలుగో ఏడు నడుస్తోందనేగా సార్ రాశారు?"

ఆయన పుస్తకాల పేజీలు దగ్గరికి లాక్కున్నారు. ఒకటి చూశారు, రెండోది చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మన వైపు పెద్దవాళ్ళకి వయసు అడిగితే నడుస్తున్న ఏడే చెబుతారు. అమెరికావాళ్ళు నిండిన ఏడు చెబుతారు. ఆ నడుస్తున్న ఏడు మా మేడమీద గది నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ ఆ పుస్తకాల్లోకి వెళ్ళే వీల్లేదు.

"అంటే... వీళ్ళు ముగ్గురూ నా దగ్గరే కాపీ కొట్టారంటావా?" అన్నారు. గొంతులో కంగారు ఎంత ఉందో, కాస్త గర్వం కూడా అంతే ఉంది. ఆ పరిస్థితిలోనూ నాకు నవ్వాగలేదు.

"అవునండి. మనం వాళ్ళని సాక్ష్యం అడుగుతున్నాం. వాళ్ళు మనల్ని చూసి రాశారు."

పిల్లలూ, ఇది బాగా పట్టుకోండి. ముగ్గురు ఒకే మాట అన్నారంటే మూడు సాక్ష్యాలని సంబరపడకండి. ఎవరు ఎవర్ని చూసి రాశారో ముందు చూడండి. ఒప్పులు కలిస్తే తెలియదు, ఒప్పు అందరికీ ఒకటే. తప్పులు కలిశాయంటే మాత్రం కాపీయే.

ఫోను

ఇదంతా విడమరిచి మార్తకి రాశాను. ఆవిడ తెలివైన మనిషి, వెంటనే అర్థం చేసుకుంది. కానీ ఆవిడ చెప్పిన పరిష్కారం విని ఉస్సూరుమన్నాను. ఈ ఏడాది నుంచి ఆ ప్రశ్నే ఎత్తేద్దాం, గొడవ ఉండదు అంది.

ఎత్తేయడం మాకు సుఖం. హేజెల్‌కి ఏం ఒరిగింది? ఇన్నేళ్ళు వేరేవాళ్ళ పేర్లు అరిచారు. తప్పని తెలిసిన రోజున ఎవరి పేరూ లేకుండా చేస్తారా? ఆ మాటే రాశాను, కాస్త ఘాటుగానే రాశాను. ఇద్దరూ ఆ ఆటలో దిగారని మీ రికార్డే చెబుతోంది, తేలాల్సింది వాళ్ళు అన్నదమ్ములా కాదా అన్న ఒక్కటే, దానికి తల్లిని మించిన సాక్ష్యం ఏ పుస్తకంలో దొరుకుతుంది, ఆవిణ్ణే అడగండి అన్నాను. మార్త సరేనంది.

క్లైడ్ ఏర్పాటు చేశాడు. ఒక చివర హేజెల్, ఒక చివర మార్త, తెనాలిలో నేనూ సారూ. సార్ రానన్నారు గానీ, ఫోను మోగేసరికి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. హేజెల్ మాట్లాడింది ఇంగ్లీషే అయినా, నాకు మా రేపల్లె ముసలమ్మ మాట్లాడినట్టే వినిపించింది. అలాగే రాస్తున్నాను.

మార్త మెల్లగా, "అమ్మా, లియానూ క్లైడూ ఇద్దరూ మీ పిల్లలేనని చూపించడానికి ఏమైనా ఆధారం ఉందా?" అంది.

"ఆధారమా? ఏం ఆధారం తేనమ్మా? పెద్దాడు ఎదురుకాళ్ళతో పుట్టాడు. చిన్నాడు ఆస్పత్రికి పోతా పోతా కార్లోనే పుట్టాడు. రెండుసార్లూ నేనక్కడే ఉన్నాను."

మార్త నవ్వింది. క్లైడ్ నవ్వు కూడా వినపడింది. సార్ నవ్వలేదు. ఫోను దగ్గరికి వంగి, నా ఉద్యోగమంతటిలో నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో, "అమ్మా, పెద్దబ్బాయికి ఇంటిపేరు ఎందుకు మార్చలేదండీ?" అని అడిగారు.

హేజెల్ మొదటి నుంచీ చెప్పుకొచ్చింది.

"మా మొదటాయన మిల్లులో పోయాడు. నేను మళ్ళీ చేసుకున్నా. ఈయన మంచోడే. పెద్దాడికీ తన పేరిస్తానన్నాడు. పిల్లోడే వద్దన్నాడు. ఇంకా ఏడెనిమిదేళ్ళోడు. అమ్మా, నేనుగూడా పేరు మార్చుకుంటే నాన్న పేరుతో ఈ లోకంలో ఎవరుంటారు అన్నాడు. నేనేం చెప్పను? ఉంచుకోమన్నా. నాన్న పేరు ఉంచుకున్నాడని తమ్ముడు తమ్ముడు కాకుండా పోతాడా? ఆ ఆటనాడు ఆ సన్నోణ్ణి ఎవరూ ముట్టుకోకుండా వాడే అడ్డం నిలబడ్డాడు. మీ లెక్కల్లో అదేమన్నా ఉంటదా?"

ఉండదు. మా లెక్కల్లో గజాలే ఉంటాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకోవాల్సినంత తప్పేం కాదు అది. మార్త, సరైన జవాబు ఆఫీసు పెద్ద ఆమోదంతో పంపించండి, తెర మీద వేయిస్తాను అంది. ఆ ఆమోదం ఇవ్వాల్సింది పూర్ణచంద్రరావు గారే.

జవాబు రాసి ఆయన ముందు పెట్టాను. లియాన్, క్లైడ్, రెండు ఇంటిపేర్లు, అంతే.

"పెట్టి వెళ్ళమ్మాయ్. చూస్తాను" అన్నారు.

"సార్, ఆలస్యమైతే..."

"చూస్తానన్నాగా!"

రెండు రోజులు అడిగితే రెండు రోజులూ అదే మాట. పంపారో లేదో చెప్పరు. తన చేత్తో రాసిన జవాబు తప్పని తనే ఒప్పుకోవడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. తెలిసినా కోపం కోపమే. అక్కడ హేజెల్‌ని ఎలాగో ఒప్పించి మైదానానికి తీసుకొస్తున్నానని క్లైడ్ సంతోషంగా రాశాడు. పాత పేర్లే పడితే ఆవిడ మొహం ఎవరు చూడగలరు? నాగమణి దగ్గర తలకొట్టుకున్నాను. "ఆవిడ రాకుండా ఉంటేనే నయమక్కా" అంది తను.

ఆ సోమవారం పొద్దున

అక్కడ ఆదివారం సాయంత్రం ఆట. మాకు సోమవారం పొద్దున. మైదానంలో తెర మీద వేసేవి టీవీలో రావు కాబట్టి, మార్త తన ఫోనులోంచి చూపిస్తానంది. మేమందరం ఒక కంప్యూటర్ చుట్టూ చేరాం. కింద హోటల్ నుంచి ఇడ్లీ పొట్లాలు తెప్పించారు సార్. ఎవరి మొహమూ చూడకుండా తనది విప్పుకుని కూర్చున్నారు.

విరామం వచ్చింది. ప్రశ్న పడింది. మైదానమంతా లేచి నిలబడింది. లేచి, ఒక్క గొంతుతో ఆ పాత రెండు పేర్లే అరిచింది. అరవరా మరి? మేము నేర్పించిందే కదా. చిన్నపిల్లలు తండ్రుల భుజాల మీద కూర్చుని అరుస్తున్నారు. ఆ అరుపు ఆగలేదు. మార్త ఫోను పక్కకి తిప్పింది. పాత ఆటగాళ్ళ వరసలో చక్రాల కుర్చీలో దుప్పటి కప్పుకుని ఒక చిన్న ముసలావిడ కూర్చుని ఉంది. పక్కన క్లైడ్. ఆవిడ పెదాలు బిగించి నేలకేసి చూస్తోంది. రానని అన్నది ఇందుకే కదా. ఆ అరుపు ఆవిడ చెవుల్లో పడేలా చేసింది మేమే, జవాబు మారుతుందని ఆశపెట్టి రప్పించిందీ మేమే. ప్రభువా, ప్రభువా అనుకుంటూ కుర్చీ అంచు పట్టుకున్నాను.

తెర మారింది. జనం గొంతులు ఒక్కసారిగా పడిపోయాయి. అరిచిన నోళ్ళు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి.

లియాన్. క్లైడ్. వాళ్ళ రెండు ఇంటిపేర్లు. దాని కింద ఇంకో వరస ఉంది. నేను రాయని వరస. "ఇద్దరి తల్లి: హేజెల్."

క్లైడ్ వంగి ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ తలెత్తింది. అంత పెద్ద అక్షరాలు కూడా ఆవిడకి ఆనలేదేమో, క్లైడ్ ఒక్కో మాటా వేలితో చూపిస్తూ చదివాడు. చివరి మాట దగ్గర ఆవిడ అతని వేలు పట్టుకుని ఆపింది. ఇంకోసారి చదవమంది కాబోలు, మళ్ళీ చదివాడు. పక్కన కూర్చున్న ఎవరో ముసలాయన టోపీ తీశాడు.

నేను సార్ వైపు తిరిగాను. ఆయన ఇడ్లీ చట్నీలో ముంచుతున్నారు.

"ఆ చివరి వరస మీరు పెట్టారా సార్?"

"ఇంటిపేరు కలవనప్పుడు తల్లి పేరు చెప్పాలిగా అమ్మాయ్. లేకపోతే జనానికెట్టా తెలుస్తది?" అన్నారు.

పావుగంట కూడా కాకముందే ప్రశ్నలు మొదలయ్యాయి. ప్రశ్నలంటే తిట్లే. మీ తెర తప్పు వేసింది. మీకు చరిత్ర తెలీదా? అన్నదమ్ములంటే ఆ ఇద్దరే, మా నాన్న చెప్పాడు, మా స్కూల్లో చెప్పారు, పుస్తకంలో ఉంది. అందరికీ తెలిసిన విషయం కూడా మీకు తెలీదా? నాగమణి ఒక పక్క, నేనొక పక్క, మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు వచ్చినా లేవకుండా జవాబులు రాస్తూనే ఉన్నాం. సార్ కూడా చాలా ఏళ్ళ తర్వాత కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చుని టైపు చేశారు, రెండు వేళ్ళతో.

తిట్టిన ప్రతివాడికీ ఒకటే జవాబు. లియాన్, క్లైడ్ అన్నదమ్ములు. వాళ్ళ తల్లి హేజెల్. ఆ రోజు ఆ తల్లి పేరు ఎన్నిసార్లు రాశామో మేము లెక్కపెట్టుకోలేదు.